నడుము నొప్పి అన్నప్పుడు

ఆదివారం ఆరాధన ముగిశాక కారంచేడులో నాకు తరచుగా వినిపించే మాట "అయ్యగారూ, నా నడుము కోసం ప్రార్థన చేయండి" అనేది. వరినాట్ల రోజుల్లో మరీ ఎక్కువ. ప్రార్థన చేస్తాను. అయితే ముందుగా కొన్ని ప్రశ్నలు అడుగుతాను. నడుము నొప్పి అనే ఒక్క పేరు కింద చాలా రకాల బాధలున్నాయి.

ఎన్నాళ్ల నుండి? 12 వారాలు దాటితే వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. వీరిలో అత్యధికులకు ఫలానా కారణమని తేలదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. అప్పుడు ఇంట్లోవారు "పని ఎగ్గొట్టడానికి నాటకం" అంటారు. ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. ఫిల్ములో లేనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదు. ఏ నొప్పీ లేనివారి స్కానింగులో కూడా డిస్కు ఉబ్బినట్టు కనబడవచ్చు.

నొప్పి ఎక్కడికి పాకుతుంది? పిరుదు నుండి పిక్క దాటి పాదం దాకా మంటగా, తిమ్మిరిగా దిగితే నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. పెద్దవయసువారు కొందరు నాలుగడుగులు వేయగానే కాళ్లు బరువెక్కి కూర్చుండిపోతారు. ముందుకు వంగితే హాయి. సైకిలు తొక్కగలరు గాని నడవలేరు! వెన్నులో నరాల దారి ఇరుకైతే ఇలా జరుగుతుంది.

ఏ వేళలో ఎక్కువ? యువకుడు తెల్లవారుజామున నొప్పితో లేచి, చాలాసేపు నడుము బిగుసుకుపోయి, తిరిగాక తేలికపడితే అది కీళ్లవాతం కావచ్చు. దాన్ని సోమరితనం అనుకోకండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయేమో చూపించాలి. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, కాలు పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక్కడ ఆలస్యం పనికిరాదు.

ఇక నొప్పి ఎంత అనే ప్రశ్న. 1983లో ఇంగ్లండులో రోలండ్, మోరిస్ అనేవారు 24 వాక్యాల పట్టిక తయారుచేశారు. నడుము వల్ల మేజోళ్లు తొడుక్కోవడం కష్టమా, నిద్ర తగ్గిందా, మనుషుల మీద విసుగు పెరిగిందా అని అందులో ఉంటుంది. మా సంఘంలో మేజోళ్లు ఎవరికున్నాయి! ఒక సహోదరి నాతో "ఎంత నొప్పో చెప్పలేనయ్యగారూ, బిందె చంకకెత్తుకోలేకపోతున్నాను" అంది. అంతకంటె మంచి కొలత నాకు తెలియదు. లూకా సువార్త 13వ అధ్యాయంలో నడుము వంగిపోయిన స్త్రీ ఆ 18 ఏళ్లూ నీళ్లెలా మోసుకుందో అని అప్పుడే మొదటిసారి ఆలోచించాను.

నొప్పికి భయపడి కదలడం మానితే కండరాలు సన్నబడతాయి, కూలి పోతుంది, దిగులు చేరుతుంది. అందుకే వారాల తరబడి మంచాన పడుకోమని ఇప్పుడు చెప్పడం లేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కారణం తేలని దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామాన్ని సూచించింది, నడుము బెల్టులను మామూలు చికిత్సగా వద్దన్నది. చీరాల ప్రాంతంలో గుంటమగ్గం మీద పొద్దస్తమానం కూర్చునే నేతన్నలు మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడిస్తే మేలు.

చీరాల ఆసుపత్రికి వెళ్లేవారికి ఇప్పుడు ఒక చీటీ రాసిస్తున్నాను: ఎన్నాళ్ల నుండి, ఎక్కడికి పాకుతుంది, ఏ వేళలో ఎక్కువ, ఏ పని ఆగిపోయింది. చదువురానివారు దాన్ని డాక్టరుగారి చేతికిస్తే చాలు.