లగ్గు నొక్కే పని

మా భద్రాచలం ఏజెన్సీ గూడేల్లో కరెంటు పనికి పోయే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. నిచ్చెన ఎక్కుతారు, గోడకు పైపులు కొడతారు, వైరు లాగుతారు. వైరు కొసకు లగ్గు వేసి బిగించే దగ్గరికి వచ్చేసరికి మాత్రం మేస్త్రీ పక్కకు జరగమంటాడు. కూలిలో తేడా అక్కడే వస్తుంది. లాగినవాడు హెల్పరు, కొస బిగించినవాడు ఎలక్ట్రీషియను. ఈ చిన్న పనిముట్టు గురించి రాయాలనిపించింది అందుకే. నేను డి.ఎడ్. చదివిన కోయ పంతుల్ని, ఐ.టి.ఐ. మొహం చూసినవాణ్ణి కాదు. మా బడి సోలారు ఇన్వర్టరే నాకు ఈ పని నేర్పింది.

దాన్ని పెట్టడానికి వచ్చిన పనివాడు బ్యాటరీ వైరు లగ్గును కటింగ్ ప్లేయరుతో నొక్కి, సుత్తితో రెండు దెబ్బలు వేసి పోయాడు. చూపుకు బాగానే ఉంది. ఎండాకాలం ఫ్యాన్లు రాత్రంతా తిరిగేసరికి లగ్గు దగ్గర వైరు తొడుగు కరిగి నల్లబడింది. పక్క గదిలోనే పిల్లలు పడుకుంటారు. "సారూ, ఏదో కమురు వాసన వస్తోంది" అని వంటక్క పిలవబట్టి చూశాం.

ఇది తరగతిలో చెప్పదగ్గ లెక్క. 600 వాట్ల లోడుకు 230 వోల్టుల దగ్గర పారేది రెండున్నర ఆంపియర్ల పైచిలుకు. అదే లోడును 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే 50 ఆంపియర్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే వదులు అతుకు బ్యాటరీ దగ్గర ఉంటే సుమారు 360 రెట్లు ఎక్కువ వేడెక్కుతుంది. వేడికి రాగి మీద చిలుము పడుతుంది, చిలుముతో అడ్డు పెరుగుతుంది, అడ్డుతో మళ్లీ వేడి. గడ్డికప్పు ఇంట్లో ఇది ఎక్కడికి పోతుందో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

"ప్లేయరుతో గట్టిగా నొక్కితే చాలదా సారూ?" అని మా పాత విద్యార్థి ఒకడు అడిగాడు. గట్టిగా అంటే ఎంత? పొద్దున ఉన్న బలం సాయంత్రం చేతిలో ఉండదు. ప్లేయరు లగ్గును చపటగా చేస్తుంది, లోపల పోగుల మధ్య గాలి అలాగే ఉంటుంది. క్రింపింగ్ టూలుకు వైరు సైజుకు తగ్గ అచ్చు ఉంటుంది, అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది. రాచెట్ ఉన్న రకమైతే నొక్కు పూర్తయ్యేదాకా పిడులు తెరుచుకోవు. మధ్యలో ఇరుక్కుంటే విడిపించే చిన్న మీట దానికే ఉంటుంది, స్క్రూడ్రైవరు పెట్టి పెకిలించకూడదు.

సైజు తప్పితే ఎంత మంచి టూలైనా దండగ. ప్లాస్టిక్ తొడుగున్న చిన్న లగ్గుల్లో ఎరుపు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల దాకా, నీలం రెండున్నర దాకా, పసుపు 4 నుంచి 6 దాకా. బ్యాటరీ వైరుకు ఇవి పనికిరావు. పొడుగు పిడుల టూలు కావాలి, దాని అచ్చుల మీద 10, 16, 25 అని అంకెలుంటాయి. లగ్గు పెద్దదైందని వైరును మడిచి దూర్చేవాళ్లున్నారు, చిన్నదైందని నాలుగు పోగులు కత్తిరించేవాళ్లూ ఉన్నారు. రెండూ దొంగపనులే.

పని మొదలుపెట్టే ముందు ఇన్వర్టరు ఆపి బ్యాటరీ వైరు విప్పాలి. లగ్గు గొట్టం ఎంత పొడుగుందో అంతకు ఒక నూలు ఎక్కువగా తొడుగు ఒలవాలి. పోగు ఒక్కటీ తెగకూడదు. సీసం పూసి నొక్కితే ఇంకా గట్టి అనుకుంటారు గానీ, సీసం మెత్తన, ఒత్తిడికి నెమ్మదిగా జారి అతుకు వదులవుతుంది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరు చాలాచోట్ల అల్యూమినియందే. దానికి ఉత్త రాగి లగ్గు వేస్తే తేమకు తినేస్తుంది, రెండు లోహాల లగ్గు అడిగి తెచ్చుకోవాలి. నొక్కాక పట్టి లాగి చూడాలి. కొత్త టూలు కొన్నప్పుడు మేం ఒక లగ్గును పాడుచేసి రంపంతో అడ్డంగా కోసి చూశాం. పోగులన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని తేనెపట్టు గదుల్లా కనిపించాయి. అదీ నొక్కు అంటే. పిల్లలు ఆ ముక్కను జేబుల్లో పెట్టుకు తిరిగారు.

జీలుగు చెట్టు గీసే కత్తిని కంప కొట్టడానికి ఎవరూ అరువివ్వరు. క్రింపింగ్ టూలు సంగతీ అంతే. మేకు కొట్టడానికి తీసుకుపోయినవాడు అచ్చు అంచు చెడగొట్టి తెస్తాడు, పైకి ఏమీ తెలియదు. పనయ్యాక పాత పళ్ల బ్రష్షుతో అచ్చుల్లోని రాగి పొట్టు దులపాలి. కుట్టుమిషను నూనె కీలు దగ్గర ఒక చుక్క చాలు. అచ్చులకు నూనె తగిలితే తుడిచెయ్యాలి, లేకపోతే లగ్గు జారుతుంది. మన వానలకు రెండు వారాల్లో తుప్పు పడుతుంది, నూనెగుడ్డ చుట్టి రేకు డబ్బాలో పెడుతున్నాం. పిడులు వదులుగా అనిపిస్తే మిగిలిన వైరు ముక్కకు ఒక లగ్గు వేసి లాగి చూస్తాం. జారిందంటే ఆ టూలు పక్కన పెట్టడమే.

ఇప్పుడు మా బడిలో చదివిపోయిన ముగ్గురు కుర్రాళ్లు చుట్టుపక్కల గూడేల్లో మోటార్ల స్టార్టర్లకూ సోలారు బ్యాటరీలకూ లగ్గులు వేస్తున్నారు. పని బాగుంది. డబ్బు అడగడానికే సిగ్గు. "మన మామ ఇల్లే కదా సారూ" అంటారు. మామ దగ్గర అడగకపోతే మానె, బయటి మేస్త్రీ పిలిచినప్పుడు మాత్రం రోజుకూలి కాదు, లగ్గుకు ఇంత అని పనిలో దిగకముందే చెప్పమన్నాను.