రాత్రిపూట ఎండ

మా అమ్మాయి ఇంజనీరింగ్ చివరి ఏడాది. ప్రాజెక్టుకి ఉద్యోగానికి పనికొచ్చేదేదైనా తీసుకోమని మావారు. అంతరిక్షంలో ఎండని పట్టి భూమికి పంపే ఉపగ్రహమే డిజైన్ చేస్తానని అది. వారం రోజులు తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. నేను ఎటు మాట్లాడాలన్నా ముందు సంగతేమిటో తెలియాలిగా! బెండకాయలు తరుగుతూ దాన్నే అడిగాను.

"మేడ మీద ప్యానెళ్ళు ఉండగా అంత పైకెందుకే?"

"అవి రాత్రి పనిచేస్తాయా అమ్మా?"

దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో మబ్బులుండవు. ఏడాదిలో రెండుసార్లు, కొన్ని వారాలపాటు అర్ధరాత్రి వేళ కాసేపు తప్ప ఎప్పుడూ ఎండేనట. మా అత్తగారికి రాత్రంతా ఆక్సిజన్ మిషన్ నడవాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు ఆగుతుందోనని గడియారం చూసుకునే ఇల్లు మాది. అది ఈ ప్రాజెక్టే ఎందుకు పట్టుకుందో అప్పుడు అర్థమైంది.

పీటర్ గ్లేజర్ అనే ఇంజనీరు 1968లోనే ఈ ఆలోచన చెప్పాడట. తీగలు లేకుండా, మైక్రోవేవ్‌ల రూపంలో పంపడం.

"మన ఓవెన్‌లోవేనా? కింద పిట్టలు మాడిపోవూ?"

నవ్వుతుందనుకున్నా. నోటుపుస్తకం తెచ్చి చూపించింది. 1970ల చివర్లో అమెరికా వాళ్ళు వేసిన డిజైన్‌లో కిరణం నడిమధ్యన కూడా తీవ్రత మిట్టమధ్యాహ్నపు ఎండలో నాలుగోవంతే. పైగా కింద నుంచి ఒక సంకేతం పైకి వెళ్తూనే ఉండాలి. అది ఆగితే కిరణం గురి తప్పి ఎక్కడో పడదు, పలచబడి చెదిరిపోతుంది.

మరి కష్టమెక్కడ? సైజులో. ఆ డిజైన్‌లో పైన ప్యానెళ్ళే 5 కిలోమీటర్ల వెడల్పు, 10 కిలోమీటర్ల పొడవు. కింద పట్టుకునే యాంటెన్నాల పొలం ఇంకా పెద్దది. అంత బరువు పైకి చేర్చాలి. ఎండ కరెంటుగా, కరెంటు తరంగంగా, తరంగం మళ్ళీ కరెంటుగా మారేటప్పుడు ప్రతి మజిలీలోనూ కొంత పోతుంది. చెరిగి, ఏరి, కడిగేసరికి బియ్యం తగ్గినట్టు.

2023లో కాల్‌టెక్ వాళ్ళు చిన్న పరికరం ఒకటి పంపారు. అంతరిక్షంలో అడుగు దూరంలో ఉన్న బుల్లి లైట్లు వెలిగించారు. దాని సంకేతం పాసడీనాలో వాళ్ళ మేడ మీద అందింది. ఇప్పటికి అంతే. ఆ 'అంతే' చెప్పేటప్పుడు మా పిల్ల కళ్ళు చూడాలి!

ఆ రాత్రి మావారితో అన్నాను: "ఉద్యోగం సంగతి నేను చెప్పలేను. కానీ నేనడిగిన ఒక్క ప్రశ్నకీ అది తడబడలేదు." ఆయన కాసేపు ఊరుకుని, "ఇంటర్వ్యూలకి కూడా చదవమను" అన్నారు. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

ఇప్పుడు దాని బల్ల మీద అరచేయంత యాంటెన్నాలు రెండున్నాయి. మధ్యలో తీగ లేకుండా ఒక చిన్న ఎల్ఈడీ వెలిగించాలట. ఇంకా వెలగలేదు. పన్నెండు దాటినా గదిలో లైటు ఆర్పమని ఈమధ్య నేను అనడం మానేశాను.