వందకు పదకొండు

ఈ మధ్య ఫోన్లలో తిరిగే డబ్బుల చక్రం ఆట గురించి మీలో చాలామంది వినే ఉంటారు. రంగురంగుల పెద్ద చక్రం, పక్కన నవ్వుతూ ఓ అమ్మాయి. ఏ అంకె దగ్గర ఆగుతుందో దాని మీద పందెం. మా చిన్న మరిది చూపించేదాకా నాకు దాని సంగతి తెలీదు.

మార్చిలో వచ్చాడు. "వదినా, ఓ పదిహేను వేలు సర్దుతారా? పది రోజుల్లో ఇచ్చేస్తా" అన్నాడు. ఎందుకని నాలుగుసార్లు అడిగాక ఫోన్ తీశాడు. "ఊరికే ఆడేది కాదు వదినా, దీనికో పద్ధతుంది. ఎక్కువ గడులున్న 'ఒకటి' మీదే పెట్టాలి. పోతే రెట్టింపు పెట్టాలి. ఎప్పుడో ఒకప్పుడు తగలకపోదుగా!"

పేకాటని చెప్పి ఉంటే తిట్టి పంపేదాన్ని. పద్ధతి అన్నాడు కాబట్టి లెక్క చూద్దామనిపించింది. పాలవాడి బాకీ నుంచి చీటీ కిస్తీ దాకా ఇంట్లో లెక్కలన్నీ నావే మరి. కొత్త చింతపండు ఒలుస్తున్నాను కనుక ఎదురుగా పిక్కలు బోలెడు.

ఈ ఆటలకు మూలం అమెరికా కాసినోల్లోని 'బిగ్ సిక్స్' చక్రమని మా అమ్మాయి నెట్‌లో చూసి చెప్పింది. మామూలుగా 54 గడులు. 24 గడుల్లో ఒకటి, 15లో రెండు, 7లో అయిదు, 4లో పది, 2లో ఇరవై, మిగతా రెండూ బొమ్మలు. 54 పిక్కలు పేర్చాను. ఒక్కో గడి ఒక్కోసారి ఆగిందనుకుని, ప్రతిసారీ 'ఒకటి' మీద రూపాయి పెడితే 24 వస్తాయి, 30 పోతాయి. ఆరు తరుగు, అంటే వందకు 11. అదే 'ఇరవై' మీద పెడితే రెండుసార్లకీ కలిపి 40 వస్తాయి, 52 పోతాయి. వందకు 22 తరుగు. మా మరిది చెప్పింది నిజమే, ఉన్నవాటిలో 'ఒకటే' నయం. ఎటొచ్చీ నెమ్మదిగా పోతుందంతే.

"ఇరవై పడి చాలాసేపైంది, ఇప్పుడు రావాలి" అనే మాట కూడా అన్నాడు. వరసగా ముగ్గురాడపిల్లలు పుడితే నాలుగోది మగపిల్లాడేనని మన అమ్మమ్మలు ఎదురుచూడలేదూ, అలాగే ఇదీ. అంతకుముందు ఏం పడిందో చక్రానికేం గుర్తు?

ఇక రెట్టింపు. వందతో మొదలుపెట్టి కాగితం మీద రాశాను. 100, 200, 400, 800, 1600, 3200, 6400. ఏడుసార్లు పోతే మొత్తం 12,700. అలా వరసగా పోవడం ఏమంత అరుదు కాదు, దాదాపు అరవై ప్రయత్నాలకు ఒకసారి జరిగేదే. గెలిచిన ప్రతిసారీ మిగిలేది వంద. అరవైసార్లు గెలిచినా ఆరువేలు, ఒక్కసారి తప్పితే పన్నెండువేల ఏడొందలు!

ఎనిమిదో పందెం 12,800 అని రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. పదిహేను వేలు ఎందుకడిగాడో అప్పుడర్థమైంది.

"ఆ ఏడూ అయిపోయాయా?" అన్నాను. తలొంచుకున్నాడు. అది పిల్లాడి స్కూలు ఫీజట.

డబ్బు అతని చేతికివ్వలేదు. "సాయంత్రంలోగా నీ భార్యకు నువ్వే చెప్పు, ఫీజు నేను తనకే పంపుతాను" అన్నాను. కఠినంగా ఉన్నానని మా వారన్నారు. అననీండి.

పైగా ఇవి చట్టం ఒప్పుకునే ఆటలు కూడా కాదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. అయినా లింకులు ఏదో దారిలో వస్తూనే ఉన్నాయి. గెలిచింది ఇవ్వకపోతే ఆ లింకుల వెనకున్నవాళ్లని ఎక్కడని పట్టుకుంటాం? ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

రాత్రి ఎనిమిదింటికి తోడికోడలు ఫోన్ చేసింది. "చెప్పారక్కా" అంది, అంతే. ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు. మర్నాడు అతని బ్యాంకు యాప్‌లో రోజు పరిమితిని రెండు వేలకు దించేసింది. తర్వాత, ఆ లింకు పంపిన స్నేహితుడి భార్యకి ఫోన్ కలిపింది.