పొగగొట్టాలు దాటితే పటాల ఊరు

టాటానగర్ నుంచి ముంబై వైపు రైలెక్కితే ఆదిత్యపూర్, ఆ తర్వాత గమ్హరియా. కిటికీలోంచి కనిపించేవి ఉక్కు కర్మాగారాలు, పొగగొట్టాలు, లారీల బారులు. జంషెడ్‌పూర్‌కు ఆనుకునే ఉన్నా ఇది సరాయికేలా–ఖర్సావా జిల్లా. చుట్టూ సంతాల్, హో, భూమిజ్ పల్లెలు. జంషెడ్‌పూర్‌లోని బిస్టుపూర్ రామమందిరానికి వెళ్లే మన తెలుగువాళ్లకు కూడా గమ్హరియా అంటే ముందు గుర్తొచ్చేది ఫ్యాక్టరీయే. కానీ ఇక్కడి నుంచి కళల ఊళ్లకు రెండు దారులున్నాయి.

ఒకటి సరాయికేలాకు. ఖర్కాయి ఒడ్డున ఉన్న ఈ పాత సంస్థానం సరాయికేలా శైలి ఛౌ నృత్యానికి పుట్టిల్లు. కత్తీ డాలూ సాధన నుంచి పుట్టిన ఆట ఇది. అలుకు కోసం పేడ కలపడం, ముగ్గు వేయడం వంటి ఇంటిపనులు కూడా ఇందులో అడుగులయ్యాయి. ముఖాన్ని మాస్కు కప్పేస్తుంది కాబట్టి భావమంతా ఒంట్లోనే పలకాలి. ఏప్రిల్‌లో చైత్రపర్వం నాటికి వెళ్తే చూడొచ్చు. 2010లో యునెస్కో ఛౌను తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

రెండోది దూరం. జంషెడ్‌పూర్ మీదుగా ధాల్‌భూమ్‌గఢ్ వైపు వెళ్తే ఆమాడుబి. పైట్కార్ పటాలు గీసే చిత్రకారుల ఊరు. జంషెడ్‌పూర్ సంస్థ కళామందిర్ తోడ్పాటుతో ఇక్కడ గ్రామీణ పర్యాటక కేంద్రం ఏర్పడింది. అతిథులు ఊళ్లోనే బస చేయొచ్చు. కాగితాలు నిలువుగా అతికించి, రాళ్లూ ఆకులూ మట్టీ నూరిన రంగులతో కథ గీస్తారు. పటం విప్పుతూ పాడతారు. సంతాల్ ఇంట ఎవరైనా చనిపోతే, చిత్రకారులు కనుపాపలు లేకుండా వారి బొమ్మ గీసి ఆ ఇంటికి తీసుకెళ్లేవారు. కానుక అందాక పాపలు దిద్దేవారు. అదే చక్షుదానం.

ఛౌను పోషించింది రాజు, పటాన్ని పోషించింది శోకంలో ఉన్న ఇల్లు. 1948లో సంస్థానం విలీనమైంది. ఇల్లిల్లూ తిరిగే పని కూడా తగ్గింది. ఆ స్థానంలోకి ఇప్పుడు యాత్రికుడు వస్తున్నాడు. అతడి సంచిలో పట్టేలా పొడుగు పటం ఒక్క బొమ్మకు కుదించుకుపోతోంది. మన చేర్యాల నకాషీ పటానికీ ఇదే జరిగింది. కులపురాణం చెప్పే పటం గోడకు తగిలించే బొమ్మయింది.

అందుకే ఆమాడుబికి హడావుడిగా వెళ్లకండి. రాత్రి అక్కడే ఉండండి. బొమ్మను గీసిన చేతి నుంచే కొనండి. బేరమాడే ముందు పూర్తి పటం విప్పించి, పాట పాడించుకోండి. ఆ పాటకు కూడా డబ్బులివ్వండి.