గుప్పెడు పెసలు, ఒక స్కేలు



గత రెండు నెలల్లో మీ వంటింటి డబ్బాలో పెసలు అనుమానాస్పదంగా తగ్గి ఉంటే ఆ నేరం నాదే. సెవెంత్ క్లాస్ పిల్లలతో మా స్కూల్ టెర్రస్ మీద 12 గ్రో బ్యాగుల్లో బెండ, పాలకూర వేయించాను. వాటిలో సగం బ్యాగులకు మొలకలు రుబ్బిన నీళ్ళు పోశాం. యూట్యూబ్‌లో దీన్ని స్ప్రౌట్ టీ అంటున్నారు. ఒక అమ్మగారు డైరీలో “మేడమ్, మొలకలు మా వాడు తినడానికా, మొక్కలు తినడానికా?” అని రాసి పంపారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు డైరీ పేజీలో పట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామంది పసిపిల్లలకు రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి జావ కాచే ఉంటారు. మామూలు రాగి జావ చల్లారేకొద్దీ గడ్డ కడుతుంది. మొలకల పిండి జావ పల్చగానే ఉంటుంది. మొలక వచ్చేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారై పిండి పదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టడమే కారణం. క్లాసులో చేసి చూపించాను. వెచ్చగా ఉన్న చిక్కటి జావలో వేయించని మొలకల రాగి పిండి ఒక చెంచా కలిపి తిప్పుతూ ఉంటే, కాసేపటికి గరిటె తేలిగ్గా తిరగడం మొదలైంది. ఎంజైమ్ అంటే ఏమిటో టెక్స్ట్ బుక్‌లో మూడుసార్లు చదివించినా వినపడని “ఓ!” అప్పుడు వినపడింది.

గింజలో ఇంకో సంగతి ఉంది. భాస్వరంలో ఎక్కువ భాగాన్ని అది ఫైటిక్ యాసిడ్ రూపంలో తాళం వేసి దాచుకుంటుంది. మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే మరో ఎంజైమ్ ఆ తాళం తీస్తుంది. కంపోస్టు కలిపిన సేంద్రియ మట్టిలో కూడా పోషకాలు చాలావరకు ఇలా కట్టిపడేసే ఉంటాయి. సూక్ష్మజీవులు వాటిని విడగొడితేనే వేళ్ళకు అందుతాయి. మొలకల్లోని ఎంజైములూ చక్కెరలూ మట్టిలో పోస్తే ఆ పనికి కాస్త ఊతం దొరుకుతుందని ఇవి పోసేవాళ్ళ నమ్మకం. నమ్మకం అని ఎందుకన్నానో ముందుకు వెళితే తెలుస్తుంది.

ఇది ఎక్కడో పరాయి దేశంలో పుట్టిన ఆలోచన అనుకోకండి. సుభాష్ పాలేకర్ పద్ధతిలో వ్యవసాయం చేసే మన రైతులకు సప్తధాన్యాంకుర కషాయం బాగా తెలుసు. నువ్వులు, పెసలు, మినుములు, శనగలు, అలసందలు, గోధుమలు వంటి ఏడు రకాల గింజలు మొలకెత్తించి, రుబ్బి, గోమూత్రంతో పాటు నీళ్ళలో కలిపి, గింజ పాలు పోసుకునే దశలో పైరు మీద పిచికారీ చేస్తారు. మేము చేసింది దాని చిన్న చెల్లెలు. గోమూత్రం లేదు, ఏడు రకాలు లేవు, పిచికారీ లేదు. పెసలు, నీళ్ళు, అంతే.

మొదటిసారి నేనే చెడగొట్టాను. శుక్రవారం మొలకలు రుబ్బి బకెట్లో కలిపాను. ఇంతలో వర్షం వచ్చి పిల్లల్ని తొందరగా పంపించేశారు. సోమవారం మూత తీస్తే నురగ, పులుపు, ముక్కు మూసుకునేంత కంపు. పారబోయడానికి మనసు రాలేదు. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన పెసలు కదా! సరిగ్గా వడకట్టకుండా, నీళ్ళు ఎక్కువ కలపకుండా అలాగే పోయించాను. బుధవారానికి నాలుగు బెండ మొలకలు వాలిపోయాయి. తప్పు మట్టిది కాదు, నాది అని పిల్లలకు చెప్పాను. మళ్ళీ విత్తనాలు వేశాం.

ఆ తర్వాత కుదిరిన పద్ధతి ఇది. గుప్పెడు పెసలు రాత్రి నానబెట్టండి. పొద్దున వంచేసి తడిగుడ్డలో మూట కట్టండి, రెండు పూటలా తడపండి. తోక గింజంత పొడవు రాగానే ఆపేయాలి. ఆకులు వచ్చేదాకా ఆగితే గింజలో దాచుకున్నదంతా మొలకే తినేస్తుంది. మిక్సీలో మెత్తగా రుబ్బి, ఐదారు లీటర్ల నీళ్ళలో కలిపి, పాత చున్నీతో వడకట్టి, సాయంత్రం పూట మొదళ్ళలో పోయాలి. ఆ రోజుదే ఆ రోజే. మిగిలిన పిప్పిని కంపోస్టులో లోపలికి కప్పెయ్యండి, పైన వేస్తే ఈగలు ముసురుతాయి. మేము పదిహేను రోజులకోసారి పోశాం. మట్టిలో కంపోస్టు లేకుండా ఇదొక్కటే పోస్తే మాత్రం మొక్క కడుపు నిండదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎగ్జిబిషన్‌కు ముందు రోజు రికార్డులు చూస్తుంటే ఒక బాబు పుస్తకంలో బెండ మొక్క ఎత్తు 31 సెంటీమీటర్లు రబ్బరుతో చెరిపి 41 చేసి ఉంది. పిలిచి అడిగాను. “తేడా రాకపోతే ప్రాజెక్ట్ ఫెయిలే కదా మేడమ్? ఇంట్లో కూడా అదే అన్నారు” అన్నాడు తల దించుకుని.

నాకు వెంటనే మాట రాలేదు. ఎందుకంటే “మొలకల నీళ్ళు: అద్భుత ఫలితాలు” అని నేను అప్పటికే ఫ్లెక్స్ కొట్టించాను. కొలతలు పూర్తి కాకముందే! ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ముందు రిజల్ట్ తెలుసుకుని, వెనక్కి లెక్కేసి బ్యూరెట్ రీడింగులు రాసినదాన్నే నేను కూడా. బీఎడ్‌లో లెసన్ ప్లాన్ రాసేటప్పుడు సైతం పాఠం చెప్పకముందే ఫలితం గడి నింపేవాళ్ళం. ఆ అబ్బాయిని ఏ మొహం పెట్టుకుని తిట్టను?

అందరం పైకి వెళ్ళి మళ్ళీ కొలిచాం. బెండలో రెండు రకాల బ్యాగులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పాలకూరలో మాత్రం మొలకల నీళ్ళు పోసిన బ్యాగుల ఆకులు కాస్త ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. నేను సంబరపడేలోపు ఒక పాప అంది, “మేడమ్, ఆ మూడు బ్యాగులూ వాటర్ ట్యాంక్ నీడలో ఉన్నాయి.” నిజమే. నీడలో ఆకు రంగు మారుతుంది. మొలకల వల్లనో, నీడ వల్లనో ఎలా చెప్పగలం? రెండు నెలలు రోజూ ఆ టెర్రస్ ఎక్కి దిగాను, నాకు తట్టలేదు.

ఫ్లెక్స్ మీద “అద్భుత ఫలితాలు” అన్న చోట తెల్ల కాగితం అంటించి, “తేడా ఉందో లేదో ఇంకా తెలియదు” అని పిల్లలే స్కెచ్ పెన్‌తో రాశారు. మరుసటి రోజు వచ్చిన పెద్దలు చాలామంది అది చూసి నవ్వారు. ఒకాయన “మరి ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?” అని అడిగారు. ఆ 31 సెంటీమీటర్ల బాబే ముందుకు వచ్చి, పులిసిన బకెట్ సంగతితో మొదలుపెట్టి ట్యాంక్ నీడ దాకా చెప్పాడు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని విన్నారు. మాకు ప్రైజ్ రాలేదు. నాకు కొంచెం బాధగానే ఉంది, దాచను.

ఈ శనివారం రెండో విడత మొదలుపెడుతున్నాం. ఈసారి నీడ అందరికీ సమానంగా పడేలా వారానికోసారి బ్యాగుల చోటు మారుస్తాం. మీ పిల్లలు మళ్ళీ గుప్పెడు పెసలు అడుగుతారు. ఏడాదిగా డబ్బాలో మూలుగుతున్న పాతవి వద్దండీ, వాటిలో సగం మొలకెత్తడం లేదు. వీలైతే 30 సెంటీమీటర్ల స్కేలు కూడా ఒకటి ఇచ్చి పంపండి. బ్యాగుల్లో ఉండే 15 సెంటీమీటర్లది బెండ మొక్కకు చాలడం లేదు.