నా సైకిలు విద్య

నలుబదియారవ యేడు వచ్చువరకు నాకు సైకిలు తొక్కుట రాదు. ఈ మాట విని మన విద్యార్థులు నవ్వుదురని యెరుగుదును. కారంపూడిలో పుట్టి పెరిగి, ఇరువది సంవత్సరములుగా పిల్లలకు గణితము బోధించుచున్నవాడు రెండు చక్రములపై నిలువలేకపోవుట నవ్వదగినదే. చిన్ననాడు అద్దెసైకిలుపైనుండి పడి నా ముంజేయి విరిగెను. ఇక సైకిలు జోలికి పోరాదని మా నాయన శాసించెను. తండ్రి మాట జవదాటని కుమారుడనని నేను పలుమారు చెప్పుకొంటిని గాని నిజము వేరు. నాకు భయము. ఆ భయమునకు పితృభక్తియని పేరు పెట్టుకొని ముప్పదియైదేండ్లు గడపితిని.

బస్సు, ఆటో, కుర్చీ, ఈ మూటియందే నా కాలము గడచుచుండెను. తూచినపుడు 92 కిలోలు తూగితిని. పది మెట్లెక్కునప్పటికి ఆయాసము వచ్చుచుండెను. నరసరావుపేటలో ఒక వైద్యుడు నా రక్తపరీక్ష చీటిని చూచి, మధుమేహము వాకిట నిలిచియున్నదనియు, ఇక నడకకు పూనుకొనవలెననియు హెచ్చరించెను. మోకాళ్ల నొప్పియని నేను మనవి చేసికొంటిని. అట్లయిన సైకిలు తొక్కుడనెను. శరీరభారమును చాలవరకు సీటు మోయును గనుక మోకాళ్లకు అదరు తక్కువయట. ఇక తప్పించుకొను మార్గము లేకపోయెను.

మా యూరి సైకిలు షాపులో పాతసైకిలొకటి కొంటిని. నాకు దొరికిన గురువు ఏడవ తరగతి చదువుచున్న నా కుమార్తె. తెల్లవారుజామున, ఊరివారు లేవకముందే, నాగులేటి గట్టువైపు పోవు బండిబాటకు సైకిలు నడిపించుకొని పోవువారము. నేను సీటుపై కూర్చుండగా ఆమె వెనుక క్యారియరు పట్టుకొని పరుగెత్తెడిది. మొదటి వారములో పందొమ్మిది సారులు పడితిని. ఆ లెక్క ఆమెయే వ్రాసిపెట్టినది. లెక్కల మాస్టరు కూతురు గదా!

"నాన్నా, నేలవైపు చూడకు. ఎదురుగా ఆ వేపచెట్టును చూడు" అని ఒకనాడు చెప్పెను. మరియొకనాడు, "కుడికి పడుతుంటే కుడికే తిప్పు" అనెను. ఈ రెండవ మాట నాకు మింగుడుపడలేదు. కుడికి పడుచున్నవాడు ఎడమకు తిరిగి తప్పించుకొనవలెను గాని, పడువైపునకే తిరుగుటయేమి? నా తెలివిని నమ్మి ఎడమకు త్రిప్పితిని. వెంటనే కుడివైపు తుమ్మపొదలో పడితిని.

ఆ రాత్రి మోచేతికి మందు రాచుకొనుచు ఈ సంగతి నాలోచించితిని. పల్నాటి వీరకథలోని బాలచంద్రుని బొంగరము నెరుగనివారు మా యూర లేరు. బొంగరము తిరుగుచున్నంతసేపే నిలుచును. సైకిలు గూడ చక్రములు తిరుగుటచేతనే నిలుచునని నేను తరగతిలో చెప్పుచు వచ్చితిని. గ్రంథములు తిరుగవేయగా అది పూర్తి నిజము కాదని తేలినది. 1970లో డేవిడ్ జోన్సు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు, ముందుచక్రము ప్రక్కన మరియొక చక్రమును అమర్చి, దానిని ఎదురుదిక్కునకు త్రిప్పి, ఆ బొంగరపు గుణమును అణచివేసెను. ఐనను ఆ సైకిలును తొక్కగలిగెను. 2011లో హాలండు, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు ఆ గుణము దాదాపు లేకుండ చేసిన చిన్న యంత్రమును త్రోసి విడువగా, మనిషి లేకయే అది పడక సాగిపోయెను. పడుచున్న ప్రక్కకు ముందుచక్రము తిరుగుటయే అందులో ముఖ్యము. అట్లు తిరిగినపుడు చక్రములు వాలుచున్న బరువు క్రిందికి వచ్చి చేరును. అరచేతిపై చీపురుపుల్లను నిలిపెడి బాలుడు, పుల్ల యెటు వాలిన అటు చేయి జరుపుట లేదా? ఇదియు అట్టిదే. నా కుమార్తె యే గ్రంథమును చదువకయే సరిగా చెప్పినది.

మరునాడు ఆమె చెప్పినట్లు చేసితిని. బండి వంకరటింకరగా పోయెను గాని పడలేదు. వేపచెట్టు దాటినపిదప వెనుదిరిగి చూడగా, నా గురువు ఎప్పుడో చేయి విడిచి, దూరమున నిలిచి చప్పట్లు కొట్టుచుండెను.

ఇంతవరకు నవ్వులాటయే. ఇక చెప్పబోవునది నవ్వులాట కాదు.

నేను నేర్చుకొనుచున్న దినములలో, టీకొట్టు ముందు నలుగురు కూడి, నేను పడినప్పుడెల్ల నవ్వుచుండిరి. వారి నవ్వు వినబడగానే నా చేతులు బిగుసుకొనెడివి. కుమార్తె చెప్పిన మాట యొక్కటియు జ్ఞాపకము రాకుండెడిది. ఒకనాడు అట్లు పడి, దుమ్ములో కూర్చుండియుండగా నాకొక బాలుడు గుర్తుకు వచ్చెను. వాడు ఎనిమిదవ తరగతివాడు. భిన్నములను కూడుట వానికి రాదు. బోర్డు వద్ద సుద్దముక్కతో నిలువబడి వణకుచున్న వానిని చూచి, "నీకు చదువెందుకురా, బఱ్ఱెలు కాచుకో" అంటిని. తరగతి యంతయు నవ్వెను. నెల తిరుగకముందే వాడు బడి మానెను. ఇంటి పేదరికమే కారణమని నేను అందరితో చెప్పితిని. నన్ను నేనును అట్లే నమ్మించుకొంటిని. వానికి లెక్క రాకపోలేదు. నవ్వుల మధ్య వాని బుద్ధి, నా చేతులవలెనే, బిగుసుకొనిపోయినది. ఆ సంగతి తెలిసికొనుటకు నేను పందొమ్మిది సారులు నేలపై పడవలసివచ్చెను.

పెద్దవయస్సున క్రొత్తవిద్యకు పూనుకొన్నవారు లోకములో లేకపోలేదు. అమెరికాలో మద్యపాన నిషేధమునకు పాటుపడిన ఫ్రాన్సెస్ విల్లార్డు అను సోదరి 53వ యేట సైకిలు నేర్చి, ఆ యనుభవమును 1895లో చిన్నపుస్తకముగా ప్రకటించెను. టాల్‌స్టాయి మహాశయుడు అదే సంవత్సరమున, తన 67వ యేట, సైకిలెక్కెను. మనవారిలో పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటు సభ్యులై యుండియు సైకిలుపైననే సభకు పోయెడివారు. సైకిలు మాట యటుంచినను, మన పల్నాటనే గొప్ప నిదర్శనము కలదు. 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలలో పరిచర్య ప్రారంభించిన హయ్యరు అయ్యగారు, స్వదేశమునకు మరలిన చాలకాలమునకు, 1869లో, 76 యేండ్ల వయస్సున మరల తెలుగుదేశమునకు వచ్చిరి. ఆయన సముద్రమును దాటగా, నేను నాగులేరు దాటలేనా అని అనుకొంటిని.

దాటితిని. మొదట వంతెనవరకు, పిదప సాగరుకాలువ నీరు పారు పొలములవరకు, ఒక్కొక్క వారము ఒక్కొక్క కిలోమీటరు పెంచుచు పోతిని. ఔషధమువలె మొదలుపెట్టినది క్రమముగా ప్రియమయ్యెను. సీటు తగినంత యెత్తుననున్న మోకాలికి సుఖమనియు, టైరులో గాలి తక్కువైన కాళ్ల బలము వృథాయనియు, ఎదురుగాలిలో వీరత్వము చూపక మెల్లగా తొక్కవలెననియు నేర్చితిని. బస్సు కిటికీలోనుండి ఇన్నేండ్లు చూచిన త్రోవయే నాకు క్రొత్తదిగా తోచెను. వాన వెలిసిన రేగడినేల వాసన, మిరపచేలపై తెల్లవారుమంచు, పత్తిచేలలో విచ్చిన కాయలు, నాపరాళ్ల గోడలపై కూర్చున్న మైనాలు! ఇవి బస్సు టిక్కెట్టునకు దొరుకునవి కావు.

కార్తిక మాసాంతమున మా యూర పల్నాటి వీరుల తిరునాళ్లు జరుగును. ఆ దినములలో సైకిలు నడిపించుకొని జనములో నడచుచుండగా, కులభేదము పాటింపక అందరిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని చాపకూటినిగూర్చి పెద్దలు చెప్పుకొనుచుండిరి. నాకు మనస్సు చివుక్కుమనెను. నా తరగతిలో ముందుబల్లలును వెనుకబల్లలును కలవు. వెనుకబల్లనుండియే ఆ బాలుడు వెడలిపోయినాడు.

ఆ వచ్చిన శనివారమున వాని పల్లెకు బయలుదేరితిని. పోవుటకు తొమ్మిది కిలోమీటర్లు. అంతదూరము అంతకుముందెన్నడును తొక్కలేదు. బస్సులో పోవచ్చును గాని, వాని వద్దకు చెమటోడ్చి పోవుటయే న్యాయమని తోచెను. ఒకచోట మిట్ట యెక్కలేక దిగి నడచితిని. ఇంటిముందు సైకిలు నిలుపగానే వాని తల్లి, "అయ్యో, మాస్టారూ! ఇంత దూరం సైకిలు మీద వచ్చారా?" అని చెంబుతో నీళ్లిచ్చెను. కొంతసేపటికి బాలుడు పత్తి తీసి, మూట భుజమున వేసికొని వచ్చెను. నన్ను చూచి గడప వద్దనే నిలిచిపోయెను.

"నాయనా, ఆ రోజు నేనన్న మాట తప్పు. తప్పు నాది, నీది కాదు. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను" అంటిని.

వాడు తలవంచుకొని ఊరకుండెను. వాని తల్లి పైటకొంగుతో కన్నులొత్తుకొనెను. చాలసేపటికి వాడు నా సైకిలువంక చూచి, "సార్, మీరెప్పుడు నేర్చుకున్నారు?" అని అడిగెను.

"ఈ యేడే."

"ఎన్నిసార్లు పడ్డారు?"

"పందొమ్మిది సార్లు."

వాడు నవ్వాపుకొనలేకపోయెను. "నేను రెండుసార్లే పడ్డాను సార్!"

"అయితే సైకిలులో నువ్వు నాకంటె తెలివైనవాడివి" అంటిని. అది వానిని ఊరడించుటకు చెప్పినమాట కాదు. లెక్క ప్రకారము నిజము.

వాడు వెంటనే రాలేదు. సోమవారమున వాని స్థలము ఖాళీగానే యుండెను. పత్తి తీత ముగిసి, క్రిస్మసు సెలవులు గడచినపిదప ఒకనాటి ప్రార్థనవేళ, వరుస చివర వాని తల కనబడెను. ఆ దినమున నేను చేసిన ప్రార్థన యేమో నాకును దేవునికిని తెలియును.

నేడు నేను 81 కిలోలు తూగుచున్నాను. వైద్యుడు రక్తపరీక్ష చీటి చూచి, మధుమేహము వాకిటినుండి కొంత దూరము తొలగినదని చెప్పెను. ఐనను మిట్టలెక్కునప్పుడు నాకిప్పటికిని ఆయాసమే. ఆ బాలునికి భిన్నములు ఇప్పటికిని కష్టమే. మా యిద్దరికిని ఒక ఒప్పందము కుదిరినది. వాడు నా మిట్టలను చూచి నవ్వడు. నేను వాని భిన్నములను చూచి విసుగుకొనను.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు మీకేదైన నేర్పెదమన్నచో సిగ్గుపడక నేర్చుకొనుడు. విద్యార్థులారా, పడినవానిని చూచి నవ్వునపుడు వాని చేతులు బిగుసుకొనుచున్నవని తలంపుడు. నా తోడి యుపాధ్యాయులకు చెప్పుటకు నేను తగను. ఒక్కటి మాత్రము విన్నవించెదను. పడుచున్న వైపునకే తిరుగవలెనన్న నా కుమార్తె మాటను నేను తరగతి గోడపై వ్రాయలేదు. కాని బోర్డు వద్ద ఎవరైన తడబడినపుడు, ఇప్పుడు కుర్చీలోనుండి లేచి, వారివైపునకు నడచుచున్నాను.