మోకాలి దగ్గర లేని చుక్క

నెలలు నిండి పుట్టిన బిడ్డకు మోకాలి ఎక్స్‌రే తీస్తే, తొడ ఎముక కింది కొసన చిన్న తెల్లని చుక్క కనిపించాలి. అక్కడ మృదులాస్థి ఎముకగా మారుతోందనడానికి అది గుర్తు. లాడ్ బజార్ గల్లీల నుంచి తెచ్చిన ఒక నెలన్నర పాపకు ఆ చుక్క లేదు. కామెర్లు తగ్గలేదు, విరేచనం నాలుగు రోజులకోసారి, బొడ్డు ఉబ్బింది, గొంతు బొంగురు. దాదీ మాత్రం మురిసిపోతోంది: "బహుత్ సీధీ బచ్చీ హై డాక్టర్ సాబ్, రోతీచ్ నై." ఏడవని, పాల కోసం లేవని పసిబిడ్డను చూస్తే నాకు భయం.

రక్తంలో థైరాయిడ్‌ను తట్టిలేపే హార్మోన్ టీఎస్‌హెచ్ వంద దాటింది. థైరాయిడ్ గ్రంథి ఉండాల్సిన చోటే ఉంది, కాస్త వాచింది కూడా. హార్మోనే తయారు కావడం లేదు. తల్లిదండ్రులు అన్నదమ్ముల బిడ్డలు.

కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి థైరాక్సిన్ మాయ దాటి కొంత అందుతుంది. అందుకే పుట్టగానే చూస్తే చాలామందిలో లోపం బయటపడదు. ఆ తర్వాత బిడ్డ సొంత హార్మోనే దిక్కు. అది కణంలో చేరి, టీ3గా మారి, డీఎన్ఏ మీదున్న రిసెప్టర్‌ను పట్టుకుంటేనే కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి. చిన్నమెదడులో కణాలు తమ చోటికి జరగాలన్నా, నరాలకు మైలిన్ పొర పట్టాలన్నా, ఎముక కొసలు ఎదగాలన్నా ఆ కబురు అందాలి.

అయితే అన్ని అవయవాలూ ఒకే తీరుగా ఎదురుచూడవు. ఆ పాప పెదనాన్న కొడుక్కీ ఇదే లోపం. ఆరేళ్లవాడు, రెండేళ్ల పిల్లాడంత ఎత్తు. మందు మొదలుపెట్టాక మలబద్ధకం పోయింది, ఏడాది తిరిగేసరికి చొక్కాలు పొట్టయ్యాయి. మాటలు మాత్రం రాలేదు. ఆలస్యంగా వచ్చిన హార్మోన్‌ను ఎముక అందుకుంది. మెదడుకు గడువు మొదటి రెండు మూడేళ్లే, అందులోనూ తొలి వారాలు మరీ ముఖ్యం. పాప తండ్రి లక్క గాజుల పనివాడు. "చల్లారిన లక్కలో రాయి పట్టదు సాబ్, అట్లనేనా?" అన్నాడు. అంతే అన్నాను.

పాపకు ఆ రోజే థైరాక్సిన్ మొదలుపెట్టాం: కిలో బరువుకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు, మాత్ర నలిపి చెంచాడు తల్లిపాలతో. రెండు వారాల లోపే అందితే ఎంతో మేలు. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, 1,700 మందికి ఒకరిలో ఈ లోపం తేలింది. పరీక్షకు కావాల్సింది మడమ నుంచి కొన్ని రక్తపు చుక్కలు. ఇన్నేళ్లయినా ప్రతి కాన్పు దగ్గరా అది జరగడం లేదంటే కోపం వస్తుంది.

పాప ఏడాది దాటగానే అడుగులు వేసింది. తల్లికి ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఈ బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉందని భార్యాభర్తలిద్దరికీ చెప్పాను. కాన్పు ఎక్కడైనా, మూడో రోజున మడమ రక్తం తీయాలని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.